గడియపూడిలో మురుగు కొరత

మార్చి పదకొండో తేదీ ఉదయం పదిన్నర గంటలకు గడియపూడి పట్టణంలో మురుగు అన్నది లేకుండా పోయింది. దాన్ని ఎవరూ ఎత్తిపోయలేదు, ఎక్కడికీ తరలించలేదు. మునిసిపల్ కమిషనర్ విద్యాధరరావుగారు ఆ మాటను రద్దు చేస్తూ ఆకుపచ్చ సిరాతో ఒక సంతకం పెట్టారు, అంతే. ఆ క్షణం నుంచి ఊరి కాలువల్లో పారేది "ద్వితీయ వనరు" అయింది. ఒకసారి వాడిన నీళ్ళు కాబట్టి ద్వితీయ, మళ్ళీ వాడుకోవచ్చు కాబట్టి వనరు. సర్క్యులర్‌లో అంతా వివరంగా ఉంది.

ఊరి చివర మురుగునీటి శుద్ధి కేంద్రంలో ఆపరేటర్‌గా పనిచేసే యేసోబుకు ఈ సంగతి పెయింటర్ ద్వారా తెలిసింది. పెయింటర్ నిచ్చెన వేసుకుని పాత బోర్డు చెరిపేసి "ద్వితీయ వనరుల పునఃప్రాప్తి క్షేత్రం" అని రాస్తున్నాడు. బోర్డు చాలక చివరి మూడక్షరాలు గోడ మీదికి వెళ్ళాయి.

"పేరు మారిస్తే కంపు పోద్దా?" అన్నాడు యేసోబు కిందినుంచి.

"కంపు అనమాక. మూడో పాయింటు చదువు" అని పెయింటర్ జేబులోంచి కాగితం తీసి కిందికి వదిలాడు.

యేసోబు చదివాడు. నిజమే. కంపును ఇకమీదట "వనరు సూచిక పరిమళం" అనాలి.

యేసోబుకు యాభై రెండేళ్ళు. అందులో ఇరవై ఏళ్ళు ఆ ఊరి మ్యాన్‌హోళ్ళలో దిగి ఎక్కడంతోనే గడిచిపోయాయి. ఏ వీధిలో పెళ్ళి జరుగుతోందో, ఏ మెస్సులో కాగిన నూనె కాలువలో పారబోస్తున్నారో మూత తీయగానే చెప్పగలిగేవాడు. ఏడేళ్ళ క్రితం ప్లాంటు కట్టిన ఇంజినీరు ఆ ముక్కు గొప్పదనం గుర్తించి, వెళ్ళిపోయే ముందు మూడు నెలలు పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పాడు. మురికిని తినేది యంత్రం కాదు, కంటికి కనపడని సూక్ష్మజీవులు. వాటికి గాలి కావాలి, తిండి కావాలి, ఏ రోజుకారోజు కొన్నిటిని మర్నాటికి దాచిపెట్టాలి. యేసోబు దీన్ని తన పద్ధతిలో అర్థం చేసుకున్నాడు. గిన్నె కడిగేసి రోజూ కొత్తగా మొదలుపెడితే పెరుగు అవదు. నిన్నటిది ఒక గరిటెడు ఉంచుకోవాలి. అందుకే ట్యాంకులో గోధుమరంగులో సుళ్ళు తిరిగే ఆ చిక్కటి ద్రవానికి అతను "తోడు" అని పేరు పెట్టాడు.

తోడు బాగున్నప్పుడు చిక్కటి కాఫీ రంగులో ఉంటుంది. వాసన కూడా కంపు కాదు, తొలి వానకు తడిసిన నేల వాసన. రోజూ పొద్దున్నే ఒక గాజు జాడీలో తోడు ముంచి కిటికీ గట్టు మీద అరగంట పెట్టి, అడుగున ఎంత పేరుకుందో చూసుకున్నాకే యేసోబు టీ తాగేవాడు. జాడీలో అడుగు చక్కగా పేరుకుని పైన నీళ్ళు తేటగా నిలిస్తే ఆ రోజుకు దిగులు లేదు.

దిగులు లేని రోజులు ఆరేళ్ళు నడిచాయి. శుద్ధి అయిన నీళ్ళు చిన్న కాలువ గుండా వెళ్ళి బాలకోటమ్మ, ఇంకో ఇరవైమంది ఆడవాళ్ళు కౌలుకు చేసే మల్లె తోటలకు పారేవి. అడుగున మిగిలిన బురద ఎండి ఎరువై అదే తోటలకు పోయేది. ఆ బురద ఎండకముందు మూతగల తొట్టిలో మగ్గుతూ ఇచ్చే గ్యాసుతో పక్కనున్న వెల్ఫేర్ హాస్టల్లో రెండొందల ఇరవైమంది పిల్లలకు రెండు పూటలా అన్నం ఉడికేది. ఊరు వదిలించుకున్న దాంట్లోంచి నీళ్ళు, ఎరువు, నిప్పు, మూడూ వస్తున్నాయని మునిసిపల్ ఆఫీసులో ఎవరికీ తెలియదు. తెలియదు కాబట్టే అంతా సవ్యంగా జరిగింది.

ఏడో ఏట, బోర్డు మారడానికి వారం ముందు, కమిషనర్‌గారు రాజధానిలో రెండు రోజుల వర్క్‌షాపుకు వెళ్ళొచ్చారు.

వెళ్ళేటప్పుడు మామూలు మనిషే. వచ్చేటప్పుడు ఆయన కాళ్ళు నేల మీద ఆనడం లేదు. వచ్చిన రోజే అసిస్టెంట్ ఇంజినీరు జగదీష్‌ను వెంటపెట్టుకుని ప్లాంటుకు వచ్చారు. వచ్చి గేటు బయటే, గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకుని, ముక్కుకు రుమాలు అడ్డుపెట్టుకుని నిలబడ్డారు.

"ఇది మురుగు కాదయ్యా, అమృతం!" అన్నారు రుమాల్లోంచి.

"చిత్తం అయ్యా" అన్నాడు యేసోబు లోపలినుంచి.

"వనరుల పునఃప్రాప్తిలో పట్టణాలకు ర్యాంకులు ఇవ్వబోతున్నారు. ఫారంలో మొదటి కాలమ్, క్షేత్ర సామర్థ్యం. మనది రోజుకు నలభై లక్షల లీటర్లు. రెండో కాలమ్, వాస్తవంగా అందుతున్న వనరు. మనకు ఎంత అందుతోంది?"

"పద్దెనిమిది లక్షలు సార్" అన్నాడు జగదీష్. మంచి కుర్రాడు. పని తెలిసినవాడు. కాకపోతే పైవాళ్ళు ఏం చెప్పినా తల ఊపే అలవాటు ఒకటుంది.

కమిషనర్‌గారి ముఖం వాడిపోయింది. "అనగా ఈ పట్టణ పౌరులు తమ బాధ్యతలో సగం కూడా నిర్వర్తించడం లేదని గణాంకాల ద్వారా విదితమవుతోంది."

"అట్టా కాదయ్యా. ఊరు పెరుగుద్దని ముందుచూపుతో పెద్దది కట్టారు. పదిహేనేళ్ళకో ఇరవయ్యేళ్ళకో అదే నిండుద్ది" అన్నాడు యేసోబు.

"ర్యాంకు ఇరవై ఏళ్ళకు ఇవ్వరయ్యా. మే నెలలో తనిఖీ, జూన్‌లో ర్యాంకు."

అలా గడియపూడిలో మురుగు కొరత మొదలైంది.

మొదట ప్రజాచైతన్యం. "వదులుదాం, ఎదుగుదాం" అని ఊరంతా ఫ్లెక్సీలు కట్టారు. వార్డులవారీగా పోటీ పెట్టారు. ఇంటింటికీ సర్వేయర్లు వెళ్ళి, ఎంతమంది ఉంటారు, రోజుకు ఎన్ని బిందెలు వాడతారు, బయట ఊళ్ళకు ఎంత తరచుగా వెళతారు అని రాసుకున్నారు. నెల తిరిగేసరికి మూడు పోర్షన్లలో పద్నాలుగు మంది ఉంటున్న రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు కోటిలింగంగారికి "ఉత్తమ వనరు ప్రదాత" పురస్కారం ప్రకటించి శాలువా కప్పారు. దేనికి కప్పారో ఆయనకు స్టేజీ దిగాక మనవరాలు చెప్పింది. మాస్టారు కాసేపు ఆలోచించి, మళ్ళీ స్టేజీ ఎక్కి మైకు అందుకుని, ఇంతకాలం ప్రచారం కోరకుండానే చేశాననీ, ఇకముందూ ఓపిక ఉన్నంతవరకు చేస్తాననీ మాట ఇచ్చారు. చప్పట్లు మోగిపోయాయి.

ప్రవాహం పందొమ్మిది లక్షలకు పెరిగింది.

తర్వాత క్రమశిక్షణ. ఇంటి వెనక సెప్టిక్ ట్యాంకులున్న నాలుగొందల మందికి "వనరుల అక్రమ నిల్వ" కింద నోటీసులు వెళ్ళాయి. పెళ్ళిళ్ళు పొరుగూరి కల్యాణ మండపాల్లో చేస్తే భోజనాల తాలూకు వనరు పొరుగూరి పాలవుతుంది కనుక, ముహూర్తం ఎక్కడ పెట్టుకున్నా విందు మాత్రం పట్టణ పరిధిలోనే జరగాలని ఉత్తర్వు వచ్చింది. మూడు రోజులకు మించి ఊరు విడిచి వెళ్ళేవాళ్ళు తమ బదులు ఎవరినైనా ఇంట్లో ఉంచి వెళ్ళాలి.

అన్నిటికన్నా పెద్ద కేసు గాజులవీధి ముసలమ్మ వెంకాయమ్మది. ఆమె యాభై ఏళ్ళుగా బియ్యం కడిగిన నీళ్ళు, గిన్నెలు తొలిచిన నీళ్ళు పెరట్లో చిక్కుడుపాదుకు పోస్తోంది. వాడిన నీటిని మళ్ళీ వాడుకోవాలన్న ఉద్యమంలో భాగంగా, వాడిన నీటిని మళ్ళీ వాడుకుంటున్నందుకు ఆమెకు నోటీసు ఇచ్చారు. "ప్రజా వనరును ప్రైవేటు పాదుకు మళ్ళించుట" అని నేరం పేరు.

"నా నీల్లు, నా గిన్నెలు, నా పాదు. మద్దెన నీదేంట్రా?" అని ఆమె నోటీసు తెచ్చినవాడిని అడిగింది. అతను రూల్సు చూసి చెబుతానని వెళ్ళినవాడు మళ్ళీ ఆ వీధిలోకి రాలేదు.

ప్రవాహం ఇరవై ఒకటి దాటలేదు. దాంతో కమిషనర్‌గారు కుళాయిల మీద పడ్డారు. గంటసేపు వచ్చే మంచినీళ్ళు ఎనిమిది గంటలు వదిలారు. కుళాయిలు కట్టేయకూడదన్నారు. ఊరు పండగ చేసుకుంది. జనం అరుగులు కడిగారు, గోడలు కడిగారు, కడిగిన స్కూటర్లే మళ్ళీ కడిగారు. ప్రవాహం ఇరవై తొమ్మిది లక్షలకు ఎగబాకింది. కమిషనర్‌గారు ఆ అంకెను ఫ్రేము కట్టించమన్నారు.

ఆ రోజు పొద్దున యేసోబు జాడీ చూసుకుని టీ తాగలేదు.

తోడు రంగు వెలిసిపోయింది. కాఫీలో ఎవరో నీళ్ళు కలిపినట్టుంది. అరగంటకు పేరుకోవాల్సింది గంటయినా పేరుకోక రేకులు రేకులుగా పైకి తేలుతోంది. వంగి వాసన చూశాడు. తడినేల వాసన సన్నగా, ఎక్కడో దూరంగా ఉంది. కన్నబిడ్డ అన్నం మానేస్తే ఎలా ఉంటుందో అలా అయిపోయింది యేసోబుకు.

జగదీష్ దగ్గరికి జాడీ పట్టుకుని వెళ్ళాడు. "సార్, అయ్యి మురికి తినే ప్రాణాలు. మనం ఉత్త నీల్లు పోస్తన్నాం. పస్తులు పడతన్నయ్యి."

జగదీష్ జాడీని వెలుగులో తిప్పి చూశాడు. అతనికి అర్థమైంది. "నిజమే యేసోబూ. కానీ ఫారంలో తోడు రంగుకు కాలమ్ లేదు."

"ఆకలికి?"

"దానికీ లేదు."

తనిఖీ ఇంకా పన్నెండు రోజులుంది. నలభై కావాలి, ఇరవై తొమ్మిది దగ్గర ఆగిపోయింది. మునిసిపల్ ఆఫీసులో అత్యవసర సమావేశం జరిగింది. మూలన నిలబడమని యేసోబును కూడా పిలిచారు. కమిషనర్‌గారు గోడ మీద వేసిన బొమ్మ వైపు చాలాసేపు చూశారు. బొమ్మలో ఒక చివర మంచినీళ్ళ ట్యాంకు, ఇంకో చివర ప్లాంటు, మధ్యలో ఊరు.

"ట్యాంకు నుంచి నలభై లక్షల లీటర్లు బయలుదేరుతున్నాయి. క్షేత్రానికి చేరేది ఇరవై తొమ్మిది. మిగతా పదకొండు లక్షలు ఎక్కడికి పోతున్నాయి?" అన్నారు.

అందరూ బొమ్మలో వెతకసాగారు.

"తాగుతన్నారయ్యా. అన్నం వండుకుంటన్నారు. గొడ్లకి పెడతన్నారు" అన్నాడు యేసోబు మూలనుంచి.

"కరెక్ట్! అనగా నష్టమంతా ఈ మధ్య దశలో జరుగుతోంది" అని కమిషనర్‌గారు లేచి, ఊరు బొమ్మ చుట్టూ ఎర్రపెన్నుతో సున్నా చుట్టారు. "పౌరుడు నీటిని స్వీకరిస్తాడు, కొంత హరిస్తాడు, మిగిలినదాన్ని తన తీరిక మేరకు విడుదల చేస్తాడు. ఈ ప్రక్రియపై మనకు నియంత్రణ శూన్యం. ట్యాంకుకూ క్షేత్రానికీ మధ్య దూరం ఎంత?"

"ఎనభై మీటర్లు సార్. పక్కపక్కనే" అన్నాడు జగదీష్.

"మరి పౌరుడు ఎందుకు?"

అందరూ ముందొకరూ వెనకొకరూ తలలు ఊపడం మొదలుపెట్టారు. జగదీష్ తల కూడా దానంతటదే ఊగింది. ఎనభై మీటర్ల పైపు రెండు రోజుల్లో వేశారు. గడియపూడి తాగాల్సిన నీళ్ళు గడియపూడిని కష్టపెట్టకుండా నేరుగా ప్లాంటులోకి రావడం మొదలైంది. మీటరు మీద నలభై లక్షలు అక్షరాలా పడ్డాయి. ఊళ్ళో కుళాయిలు మాత్రం ఒక్కసారి దగ్గి ఆగిపోయాయి. మొన్నటిదాకా గోడలు కడిగినవాళ్ళు ఇప్పుడు బిందెలు పట్టుకుని దూరపు చేతిబోర్ల దగ్గర వరసకట్టి, కమిషనర్‌గారి పూర్వీకులను పేరుపేరునా తలుచుకుంటున్నారు.

కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. మనుషులకు మంచిదే. సూక్ష్మజీవులను చంపడానికే దాన్ని కలుపుతారు. యేసోబు పెంచుకున్నవి సూక్ష్మజీవులే.

రెండో రోజుకే బాలకోటమ్మ గట్టు దిగి వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి, మాట గట్టిది. చేతిలో సీసా ఉంది. సీసాలో నీళ్ళ మీద బూడిదరంగు నురగ, లోపల చీకిన రేకులు.

"యేసోబన్నా, ఏందిది? ఆరేళ్ళు ఒక్క మాట పడకుండా నీల్లిచ్చినోడివి, ఇయ్యాళ పాదుల్లోకి ఏం వొదిలావు? మొగ్గలు మాడిపోతన్నయ్యి. పెళ్ళిళ్ళ రోజులు. ఈ రెండు నెలలే మా యేడాది తిండి."

యేసోబు ఆమెను ట్యాంకు దగ్గరికి తీసుకెళ్ళి చూపించాడు. తెల్లటి నురగ తెప్పలు తెప్పలుగా లేస్తోంది. "తోడు చచ్చిపోతాంది బాలకోటమ్మా. ఇది పూర్తిగా పోయిందనుకో, మళ్ళా తయారుకావాలంటే రెండు నెలలు. నీ పూలు పోతయ్యి. ఆ పిల్లోళ్ళ పొయ్యి ఇప్పటికే ఆరిపోయింది."

అతను భుజం మీది తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. ఇరవై ఏళ్ళు చీకటి గుంతల్లో దిగినవాడు, ఆ గుంతల నీళ్ళు పూలవడం కళ్ళారా చూసినవాడు. దాన్ని ఎవరో ఒక కాలమ్ నింపడానికి చంపేస్తుంటే చూస్తూ నిలబడటం అతనివల్ల కాలేదు.

బాలకోటమ్మ కొంగు నడుముకు దోపింది. "ఏడిస్తే బతుకుద్దా? ఏం పెడితే బతుకుద్దో చెప్పు."

ప్లాంటులో రెండో ట్యాంకు ఒకటుంది. ఊరు పెరిగాక వాడదామని కట్టింది, ఖాళీగానే ఉంది. మొదటి ట్యాంకు అడుగున ఇంకా ప్రాణమున్న తోడును మోటారుతో అందులోకి లాగి, గేటుకు "రిపేరులో ఉన్నది" అని అట్ట కట్టాడు యేసోబు. రిపేరులో ఉన్నదాని దగ్గరికి ఆఫీసు మనుషులెవరూ రారని అతనికి అనుభవం మీద తెలుసు. ఇక తిండి. హాస్టలుకు సొంత బోరుంది కాబట్టి అక్కడి పిల్లలు మాత్రం యథాప్రకారం స్నానాలు చేస్తున్నారు, కంచాలు కడుగుతున్నారు, మిగతావన్నీ చేస్తున్నారు. ఊరి మొత్తంలో నికార్సయిన మురుగు మిగిలింది అక్కడొక్కచోటే. ఆ కాలువను మీటరు దాకా పోనివ్వకుండా గోడ పక్కనుంచి రెండో ట్యాంకులోకి తిప్పితే చాలు.

అలా తిప్పడం సర్క్యులర్ ప్రకారం వనరు మళ్ళింపు. యేసోబుది ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం. పీకెయ్యడానికి మెమో కూడా అక్కర్లేదు, ఒక ఫోను చాలు. ఆ సంగతి బాలకోటమ్మకూ తెలుసు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"గడ్డపలుగు యాడుంది?" అన్నాడు యేసోబు.

మిట్టమధ్యాహ్నం ఆఫీసులన్నీ భోజనాలకు లేచిన వేళ ఆడవాళ్ళు ఆరుగురు వచ్చి కాలువ తవ్వారు. ఒకామె పేడ తెచ్చింది. ఒకామె బెల్లం మడ్డి తెచ్చింది. గాజులవీధి వెంకాయమ్మ బోర్ల నీళ్ళతోనే బియ్యం కడిగి, ఆ నీళ్ళు బిందెలో పోసుకుని, పైన తువ్వాలు కప్పి, ఎవరి కంటా పడకుండా రిక్షాలో తెచ్చింది. నోటీసు ఇచ్చిన రోజునుంచి ఆమెకు నియమాలు మీరడంలో పట్టుదల పెరిగింది. వారం రోజులు గడియపూడిలో మురుగు ఇలా దొంగతనంగా నడిచింది. యేసోబు పూటపూటకూ జాడీ ముంచి చూసుకునేవాడు. ఆరో రోజు సాయంత్రం తోడు రంగు తిరిగింది.

తనిఖీ రోజు వచ్చింది. రాష్ట్ర బృందం తరఫున డాక్టర్ అరుంధతి అనే శాస్త్రవేత్త వచ్చారు. జుట్టు నెరిసిన మనిషి, నేత చీర, చేతిలో రెండు గాజు సీసాలున్న పెట్టె. కమిషనర్‌గారు గేటు దగ్గర స్వాగతోపన్యాసం మొదలుపెట్టారు.

"శత శాతం సామర్థ్య వినియోగం, మేడం. మా పౌరుల త్యాగనిరతి..."

ఆవిడ అప్పటికే లోపలికి వెళ్ళిపోయారు. తప్పక కమిషనర్‌గారు రుమాలు తీసుకుని ఏడేళ్ళలో మొదటిసారి గేటు దాటారు.

ఆవిడ లోపలికి వచ్చే నీళ్ళు ఒక సీసాలో, బయటికి పోయే నీళ్ళు ఇంకో సీసాలో పట్టి గట్టు మీద పక్కపక్కన పెట్టారు. ఒకటి స్ఫటికంలా ఉంది. ఒకటి బూడిదరంగులో నురగ కక్కుతోంది. చీటీలు తారుమారయ్యాయేమోనని సరిచూసుకున్నారు. మళ్ళీ వెళ్ళి మళ్ళీ పట్టుకొచ్చారు. మళ్ళీ అంతే.

"ఇందులో లోపలికి వచ్చేది ఏది?" అని అడిగారు.

కమిషనర్‌గారు జగదీష్‌ను చూశారు. జగదీష్ యేసోబును చూశాడు. యేసోబు వెనక చూస్తే గోడ తప్ప ఇంకెవరూ లేరు.

"తేటగా ఉందే, అదమ్మా" అన్నాడు.

"ఇది తాగొచ్చేట్టుందే!"

"తాగొచ్చమ్మా. మొన్నటిదాకా మా ఊరు తాగింది."

"మరి ఇది?" ఆవిడ రెండో సీసా ఎత్తారు.

"ఇది మేం తయారుచేసిందమ్మా."

మంచినీళ్ళను మురుగుగా మార్చే కేంద్రాన్ని ఆవిడ తన ముప్పై ఏళ్ళ సర్వీసులో చూసినట్టు లేదు. నోట్‌బుక్ తెరిచి, రాయబోయి, మళ్ళీ మూశారు. అప్పుడు, వారం రోజులుగా ఆ కొత్త కాలువను చూసీ చూడనట్టు ఊరుకున్న జగదీష్ తల ఊపడం మానేసి, జీవితంలో మొదటిసారి అడక్కుండా నోరు విప్పాడు. "మేడం, ఆ రిపేరులో ఉన్న ట్యాంకు ఒకసారి చూడండి."

కాలువ తిప్పిన సంగతి బయటపడింది, ఉద్యోగం పోయిందనుకున్నాడు యేసోబు. అయినా దాచలేదు. ముందు నడిచి అట్ట విప్పి, జాడీతో తోడు ముంచి ఆవిడ చేతికిచ్చాడు.

ఆవిడ వెలుగులో చూశారు. వాసన చూశారు. ముఖం విచ్చుకుంది.

"తడిమట్టి వాసన" అన్నారు. "దీన్ని ఎవరు బతికించారు?"

"హాస్టలు పిల్లలమ్మా, బాలకోటమ్మ వాళ్ళు. నేను కాలవ తిప్పా. అది తప్పంట."

"ఈ పట్టణంలో నేను చూసిన ఒకే ఒక్క ఒప్పు" అన్నారు ఆవిడ. కమిషనర్‌గారి వైపు తిరిగి, "ఆ పైపు ఈ రోజే తీసేయండి. జనానికి నీళ్ళివ్వండి. వాళ్ళు వాడుకున్నాకే ఇక్కడికి రానివ్వండి. పద్దెనిమిది లక్షలొస్తే పద్దెనిమిదే" అన్నారు.

మర్నాడు కొత్త సర్క్యులర్ వచ్చింది. తప్పు జరిగిందని ఎక్కడా లేదు. "సమగ్ర సమీక్ష అనంతరం, వనరుల గొలుసులో పౌరులను అనివార్య మధ్యంతర దశగా పునరుద్ధరించడమైనది" అని మాత్రం ఉంది. సాయంత్రానికి కుళాయిలు వచ్చాయి. గడియపూడి మొత్తం ఒక్కసారిగా వారం రోజుల బట్టలు ఉతికింది, వారం రోజుల స్నానం చేసింది. రెండు గంటల తర్వాత ఆ ప్రవాహం నల్లగా, చిక్కగా, నురగలు కక్కుతూ ప్లాంటుకు చేరింది. కాపలావాడు ముక్కు మూసుకుని బయటికి పరుగెత్తాడు. యేసోబు మాత్రం గట్టు మీద నిలబడి గుండె నిండా పీల్చి, "వొచ్చావా తల్లీ" అన్నాడు. కళ్ళు చెమర్చాయి. అది వాసన ఘాటుకు కాదు. రెండో ట్యాంకు గేటెత్తి తోడు వదిలాడు.

తొమ్మిదో రోజుకు కాలువలో నీళ్ళు తేరాయి. పదో రోజు హాస్టల్లో గ్యాసు పొయ్యి మీద అన్నం ఉడికింది. నెల తిరిగేలోపు మల్లెతోటలు చిగిర్చి మొగ్గ తొడిగాయి.

జూన్‌లో ర్యాంకులు వచ్చాయి. డాక్టర్ అరుంధతిగారి రిపోర్టు పన్నెండు పేజీలు. అందులో ప్రతి ముక్కా నిజమే. కానీ ర్యాంకు లెక్కకట్టేది కంప్యూటరు. దానికి చేరింది మీటరు మీది నలభై లక్షలు మాత్రమే. శత శాతం. గడియపూడికి రాష్ట్రంలో మొదటి ర్యాంకు.

సన్మానసభ ప్లాంటు ముందే పెట్టారు. పూలదండ బాధ్యత బాలకోటమ్మకు అప్పజెప్పారు. ఆమె మూరెడు లావున మల్లెదండ కట్టి తెచ్చి కమిషనర్‌గారి మెడలో వేసింది. ఆయన మైకు ముందు నిలబడి, వాడిన నీటిని అసహ్యించుకునే సంకుచిత మనస్తత్వాన్ని సమాజం ఎందుకు సమూలంగా విడనాడాలో ముప్పావుగంట చెప్పారు. చెబుతూ చెబుతూ దండ ఎత్తి ముక్కుకు ఆనించుకున్నారు.

"ఆహా! ఏమి పరిమళం! ఎక్కడివమ్మా ఈ పూలు?"

"ఈడియ్యే సార్. మీ ద్వితీయ వనరులో పెరిగినయ్యి" అంది బాలకోటమ్మ, గర్వంగా, మైకుకు వినపడేట్టు.

కమిషనర్‌గారి చెయ్యి ఉన్నచోటే ఆగిపోయింది. రెండు వేళ్ళతో దండను మెడలోంచి ఎత్తి, చొక్కాకు తగలకుండా బల్ల మీద పెట్టారు. జేబులోంచి సన్నటి సీసా తీసి చేతులకు రెండుసార్లు శానిటైజర్ రాసుకున్నారు. ఆ తర్వాత ఉపన్యాసం ఎక్కడ ఆపారో అక్కడినుంచే కొనసాగించారు.

జనమంతా వెళ్ళాక యేసోబు ఆ దండ తీసుకెళ్ళి మొదటి ట్యాంకు గేటు చక్రానికి వేశాడు. కింద తోడు కాఫీ రంగులో సుళ్ళు తిరుగుతోంది. బాలకోటమ్మ దండ కొసనుంచి నాలుగు మొగ్గలు తుంచి తలలో పెట్టుకుని, నీళ్ళు కట్టాలంటూ తోటకు వెళ్ళిపోయింది.

మర్నాడు ఉదయం పదిన్నరకు ఒక సర్క్యులర్ వచ్చింది. మునిసిపల్ కార్యక్రమాల్లో వాడే దండలు ఇకపై విధిగా ప్రథమ వనరుతో పెంచిన పూలతోనే కట్టాలి. యేసోబు దాన్ని చదివి, నాలుగు మడతలు పెట్టి, కిటికీ గట్టు మీద ఒరిగి నిలబడే గాజు జాడీ కింద ఎత్తుకు పెట్టాడు. జాడీ నిటారుగా నిలిచింది. అరగంటకు తోడు చక్కగా పేరుకుంది. యేసోబు టీ తాగాడు.